హత్యలు తగ్గితే మనుషులు మంచివారైనట్లేనా?

నేడు మన ఇళ్ల పిల్లలు ఎంతోమంది చదువుల కోసం, ఉద్యోగాల కోసం చికాగో, డల్లాస్, న్యూయార్క్ వంటి నగరాలలో ఉంటున్నారు. అక్కడ ఎక్కడో కాల్పులు జరిగాయన్న వార్త వింటే ఇక్కడ తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. "ఆ దేశంలో నీతి లేదు, మనుషులే అలాంటివారు" అని ఇంట్లో పెద్దలు ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ తల్లి భయం అర్థం చేసుకోదగినదే. కానీ ఆ తీర్పు న్యాయమైనదేనా? ఒక నగరంలో హత్యలు పెరిగితే అక్కడి మనుషులు చెడ్డవారయ్యారని, తగ్గితే మంచివారయ్యారని చెప్పవచ్చునా? చూడటానికి ఇది అమెరికా సంగతే. నిజానికి మనిషిని ఏ తూనికతో తూచాలన్నదే ఇందులోని ప్రశ్న.

అంకెలు చెప్పే సంగతి

న్యూయార్క్ నగరంలో 1990లో 2,245 హత్యలు జరిగాయి. 2017లో ఆ సంఖ్య 292. ఈ మధ్యకాలంలో నగర జనాభా తగ్గలేదు, పెరిగింది. 1990 నాటి జనగణనలో 73 లక్షలు ఉన్న జనం 2020 నాటికి 88 లక్షలయ్యారు. ఒక్క తరం గడిచేసరికి హత్యలు ఎనిమిదో వంతుకు చేరుకున్నాయి. అంత తక్కువ కాలంలో లక్షలాది మంది స్వభావం మారిపోయిందా? అలాగైతే 2021లో అదే నగరంలో 488 హత్యలు జరగడానికి కారణమేమిటి? నాలుగేళ్లలో ఆ స్వభావం మళ్ళీ చెడిపోయిందా?

దేశం మొత్తం మీద చూసినా ఇదే తీరు. 1960ల నుంచి హింసాత్మక నేరాలు పెరుగుతూ వచ్చి 1991 ప్రాంతంలో శిఖరాన్ని తాకాయి. ఆ తరువాత సగానికి తగ్గాయి. 2020లో కరోనా కాలంలో ఒక్క ఏడాదిలోనే హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి. మళ్ళీ 2023లో 11 శాతానికి పైగా, 2024లో దాదాపు 15 శాతం తగ్గాయి. మనిషి గుణం ఇంత వేగంగా పైకీ కిందికీ పోదు. కాబట్టి ఈ అంకెలు కొలుస్తున్నది మనుషుల గుణాన్ని కాదు, వేరే దేనినో.

తేలిక జవాబులు నిలవవు

"పేదరికమే కారణం" అంటారు కొందరు. పేదరికం హింసకు తోడవుతుందన్నది నిజమే. కానీ 1960లలో అమెరికా సంపద పెరుగుతున్న రోజుల్లోనే నేరాలు రెట్టింపును మించాయి. 2008లో ఆర్థిక సంక్షోభం వచ్చి లక్షల మంది ఉద్యోగాలు పోయినప్పుడు నేరాలు పెరగకపోగా తగ్గాయి.

"కఠిన శిక్షలే మందు" అంటారు మరికొందరు. 1990లలో పోలీసుల సంఖ్య పెరగడం నేరాల తగ్గుదలకు కొంత తోడ్పడిందని చాలామంది పరిశోధకులు ఒప్పుకుంటారు. అయితే 2008 నాటికి ఆ దేశపు జైళ్లలో దాదాపు 23 లక్షల మంది ఉన్నారు. ఎన్నో ఇళ్లలో పిల్లలు తండ్రి నీడ లేకుండా పెరిగారు. అందుకు తగినంత ఫలం దక్కిందా అన్నది నేటికీ తెగని వాదమే.

ఇంకా ఎన్నో కారణాలు చెబుతారు. 1980లలో వీధుల్లోకి వచ్చిన క్రాక్ కొకైన్, దాని వ్యాపారం కోసం కుర్రవాళ్ల చేతికి చిక్కిన తుపాకులు, ఒకప్పుడు పెట్రోలులో కలిపిన సీసం పసిపిల్లల మెదడుకు చేసిన హాని. వీటిలో ఏ ఒక్కటీ మొత్తం కథ చెప్పదు.

పుట్టుకతోనే నేరస్థులా?

1995లో జాన్ డియులియో అనే ఆచార్యుడు, జాలీ పశ్చాత్తాపం ఎరుగని బాల నేరస్థుల తరం ఒకటి రాబోతున్నదని హెచ్చరించాడు. వారికి "సూపర్ ప్రిడేటర్లు" అని పేరు పెట్టాడు. అంటే వేటాడే మృగాలను మించినవారని అర్థం. ఈ మాట అమెరికా అంతటా పాకింది. పిల్లలను పెద్దల కోర్టుల్లో నిలబెట్టే చట్టాలకు అది బలాన్నిచ్చింది. కానీ ఆ తరం రానేలేదు. ఆయన ఆ మాట అనే నాటికే నేరాలు తగ్గడం మొదలైంది. తన అంచనా తప్పని ఆయన తరువాత ఒప్పుకున్నాడు. అప్పటికే ఎందరో పిల్లలు జైలు గోడల మధ్య పెద్దవారయ్యారు.

ఇలాంటి ఆలోచన మన నేలకు కొత్తది కాదు. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన నేరస్థ తెగల చట్టం, కొన్ని తెగలలో పుట్టినవారందరినీ పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచింది. మన స్టువర్టుపురంలో ఎరుకలవారి కోసం ఏర్పాటు చేసిన సెటిల్మెంటు ఆ విధానపు గుర్తే. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా ముద్ర అంత తొందరగా పోలేదు. ఒక జాతిని గానీ, ఒక మతాన్ని గానీ, ఒక బస్తీని గానీ "వీళ్ల రక్తమే అంత" అనడం ఎంత సులభమో, ఆ మాట కింద నలిగే నిరపరాధికి అది ఎంత బరువో మన పాఠకులకు విడమరచి చెప్పనవసరం లేదు.

బోస్టన్ నేర్పే పాఠం

బోస్టన్ నగరంలో 1990లో 152 హత్యలు జరిగాయి. 1992లో ఒక చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరుగుతుండగా ముఠా కుర్రవాళ్లు లోపలికి చొరబడి దాడి చేశారు. ప్రార్థనా స్థలం గడప దాటి హింస లోపలికి వచ్చిందంటే, అంతకాలం తాము గడప దాటి వీధిలోకి వెళ్లకపోవడమే కారణమని అక్కడి నల్లజాతి పాస్టర్లలో కొందరు గ్రహించారు. వారు ఒక కూటమిగా ఏర్పడి, రాత్రివేళ వీధుల్లో తిరుగుతూ ఆ కుర్రవాళ్లతో మాట్లాడసాగారు.

పరిశోధకులు లెక్క తీస్తే ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. నగరంలోని యువకులలో నూటికి ఒక్కరు కూడా ముఠాల్లో లేరు. యువకుల హత్యలలో కనీసం 60 శాతానికి ఆ కొద్దిమందే కారణం. నగరమంతా చెడిపోయిందన్న మాట అక్కడితో తేలిపోయింది. 1996లో పోలీసులు, పాస్టర్లు, సమాజ సేవకులు కలిసి ఆ ముఠాలను పిలిపించి రెండు మాటలు చెప్పారు. కాల్పులు ఆపకపోతే ముఠా మొత్తం మీద చట్టం విరుచుకుపడుతుంది. మారదలచినవారికి చదువుకు, పనికి సాయం అందుతుంది. 1999 నాటికి హత్యలు 31కి తగ్గాయి. ఆ రోజుల్లో ఇతర నగరాల్లోనూ నేరాలు తగ్గాయి కాబట్టి ఘనతంతా దీనిదే అనలేము. కానీ 2000 తరువాత ఆ ప్రయత్నం సడలింది, 2005లో హత్యలు మళ్ళీ 70 దాటాయి.

చికాగోలో 343 పేటలపై జరిగిన అధ్యయనం 1997లో వెలువడింది. "మీ వీధిలో పిల్లలు బడి ఎగ్గొట్టి తిరుగుతుంటే పొరుగువారు మందలిస్తారా?" వంటి ప్రశ్నలు అందులో అడిగారు. మందలించే పొరుగు, ఒకరినొకరు నమ్మే పొరుగు ఉన్నచోట, పేదరికం ఉన్నా హింస తక్కువగా కనిపించింది. ప్యాట్రిక్ షార్కీ అనే సమాజ శాస్త్రవేత్త బృందం 264 నగరాలను పరిశీలించింది. లక్ష జనాభాకు పది చొప్పున స్థానిక సేవా సంస్థలు పెరిగితే హత్యల రేటు 9 శాతం తగ్గుతున్నదని 2017లో తేల్చింది.

భయంతో తెచ్చిన శాంతి

ఇక్కడ మరో ప్రశ్న ఉదయిస్తుంది. నేరం తగ్గితే చాలదా, మార్గం ఏదైతేనేమి? న్యూయార్క్ పోలీసులు 2011లో 6 లక్షల 85 వేల సార్లు మనుషులను వీధిలో ఆపి ప్రశ్నించారు. వారిలో అత్యధికులు నల్లజాతివారు, లాటినోలు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిపై ఏ కేసూ పెట్టలేదు. ఆ విధానం అమలైన తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో కోర్టు తీర్పు చెప్పింది. దీన్ని ఆపితే నగరం రక్తసిక్తమవుతుందని అధికారులు భయపెట్టారు. అలా జరగలేదు. ఆపడాలు కొన్ని వేలకు పడిపోయాయి. 2017లో 292 హత్యలు నమోదైంది ఆ తరువాతే.

ఆ జోస్యం నిజమే అయి ఉన్నా, నిరపరాధులను రోజూ గోడకు నిలబెట్టి అవమానించడం న్యాయమయ్యేది కాదని మేము గట్టిగా చెబుతున్నాము. ఫలితం మంచిదైనంత మాత్రాన దౌర్జన్యం ధర్మమైపోదు. పైగా భయం వల్ల ఆగిన చెయ్యి ఆ భయం ఉన్నంతసేపే ఆగుతుంది.

బాధ్యత ఎవరిది?

"సమాజానిదే తప్పంటే హంతకుడిని వదిలేసినట్లు కాదా?" అని ఎవరైనా అడగవచ్చు. కాదు. ఇక్కడ ఉన్నవి రెండు ప్రశ్నలు. "ఇతడు ఎందుకు చంపాడు?" అన్నది మొదటిది. దానికి జవాబుదారీ అతడే. అదే వీధిలో, అదే పేదరికంలో పెరిగిన నూటికి తొంభైతొమ్మిది మంది ఎవరినీ చంపలేదు. కాబట్టి ఇక్కడ కోర్టు ముందూ, రేపు తన ప్రభువు ముందూ అతడే నిలబడాలి. "ఈ నగరంలో ఒక ఏడు 152, మరో ఏడు 31 ఎందుకు?" అన్నది రెండవది. దీనికి జవాబు చెప్పవలసింది ఆ నగరమే. మొదటి ప్రశ్నను మరిస్తే హతుడికి అన్యాయం చేసినవారమవుతాము. రెండవదాన్ని మరిస్తే రేపటి హతుడికి అన్యాయం చేసినవారమవుతాము.

కనుక ఈసారి అలాంటి వార్త విన్నప్పుడు "మనుషులే అలాంటివారు" అనే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఆ అంకెలు కొలుస్తున్నది, ఒక సమాజం తన పిల్లలపై ఎంత ప్రేమతో, ఎంత న్యాయంతో, ఎంత ఓపికతో కన్నేసి ఉంచిందన్నదే. ఆ కన్ను ఒకసారి తెరిస్తే సరిపోదు, తెరిచే ఉంచాలి. మన వీధి మలుపులో నిలబడే కుర్రవాడి పేరు మనలో ఎందరికి తెలుసు?