తప్పిపోయింది ఎవరు?

విజ్ఞాన సర్వస్వంలో లూనోఖోద్-1 వ్యాసం కాస్త సరిదిద్దిపెట్టమంటే సరేనన్నాను. 1970 నవంబరు 17న చంద్రుడి మీద దిగిన సోవియట్ రష్యా వారి ఎనిమిది చక్రాల బండి అది. భూమ్మీద కూర్చునే దాన్ని నడిపారు. మూడు నెలలకని పంపితే పది నెలలు పనిచేసి, పదిన్నర కిలోమీటర్లు తిరిగి, 1971 సెప్టెంబరులో మూగబోయింది. "తర్వాత తప్పిపోయింది" అని ఉంది వ్యాసంలో.

అక్కడ నా కలం ఆగింది. 2010లో అమెరికా చంద్రనౌక తీసిన ఫోటోల్లో అది కనిపించింది. ఇక్కణ్ణించి లేజరు కాంతి వేస్తే, దాని మీదున్న ఫ్రాన్సు అద్దాలు ఆ వెలుగును నిక్షేపంగా తిప్పి పంపాయి! అది ఎక్కడికీ పోలేదు. ఎక్కడుందో తెలియనిది మనకే. తెలియనితనం మనదైతే నేరం దాని మీద వేయడం న్యాయమేనా? "దాని చోటు మనకు తెలియలేదు" అని దిద్దాను.

పెళ్లయ్యాక మా పిన్ని కూతురు మాయమైపోయిందని అందరితో అంటుంటాను. దాని అడ్రసు పారేసుకున్నది నేనేగా! ఆ వాక్యం కూడా దిద్దుకోవాలి.