పరాయి స్టాంపు

ఒక మనిషి ఎవరో తేల్చుకోవడానికి ఎన్ని ఆనవాళ్ళు కావాలి? ఈ ప్రశ్న మాకు వేదాంతం కాదు. అద్దె ఇల్లు వెదుక్కునే ప్రతిసారీ, కొత్త చోట పనికి చేరే ప్రతిసారీ ఎదురయ్యేదే. దీని గురించి మాట్లాడటానికి మేము ఒక చిన్న సరదాను తోడు తెచ్చుకుంటున్నాం. అది విదేశీ స్టాంపులు పోగుచెయ్యడం. తెలియనిదాన్ని గుర్తుపట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్ళ పద్ధతి ఏమిటో చూస్తే, తెలియని మనుషుల పట్ల మన పద్ధతి ఏమిటో తెలుస్తుంది.

ఉప్పల్, నాచారం వైపు ఈ సరదా రెండు దారుల్లో వచ్చింది. హబ్సిగూడ రోడ్డు మీది పరిశోధన సంస్థలకు విదేశాల నుంచి కవర్లు వచ్చేవి. అక్కడ పనిచేసేవాళ్ళు వాటి మూలలు కత్తిరించి పిల్లలకు తెచ్చేవాళ్ళు. రెండో దారి మాది. దుబాయి, సౌదీ, కువైట్ వెళ్ళిన భాయీలు, మామూలు రాసిన లిఫాఫాలు. ఇంటింటికీ ఫోను లేని ఆ రోజుల్లో ఉత్తరాన్ని అమ్మీ దాచుకునేది, స్టాంపును పిల్లలు దాచుకునేవాళ్ళు.

స్టాంపు మీద దేశం పేరు ఉంటుంది కదా, ఇందులో కష్టమేముంది అంటారేమో. మగ్యార్ అని ఉంటే అది హంగరీ అని, సువోమి అని ఉంటే ఫిన్లాండ్ అని తెలియాలి. లోకం పిలిచే పేరొకటి, తమను తాము పిలుచుకునే పేరొకటి. బ్రిటన్ అయితే అసలు పేరే వేసుకోదు. 1840లో మొదటి స్టాంపు తనది కాబట్టి రాణి తల చాలనుకుంది. నేటికీ రాజుదో రాణిదో తల ఉంటుంది, దేశం పేరు ఉండదు. పేరు చెప్పుకోనక్కర్లేకపోవడం ఎంత పెద్ద హోదానో మాకు తెలుసు. ఈ దేశంలోనూ అలాంటివాళ్ళున్నారు. వాళ్ళు ఉత్త మనుషులు. మేము మాత్రం 'ముస్లిం రచయితలం', 'ముస్లిం జర్నలిస్టులం'.

పేరున్నా చిక్కు తీరదు. 'మనామా' అని ఉన్న స్టాంపు చేతికొస్తే ఎవరైనా బహ్రెయిన్ రాజధాని అనుకుంటారు. కాదు. అది అజ్మాన్ షేకు ఏలుబడిలో ఉన్న ఒక చిన్న ప్రాంతం. 1971లో అరబ్ ఎమిరేట్లు ఒకటి కాకముందు అజ్మాన్, ఫుజైరా లాంటి ఎడారి సంస్థానాల పేరు మీద బయటి వ్యాపారులు రంగురంగుల స్టాంపులు అచ్చువేయించి లోకమంతా అమ్మారు. వాటి మీద యూరప్ చిత్రకారుల బొమ్మలు, చంద్రయాత్రలు, ఒలింపిక్ ఆటగాళ్ళు. పేరు ఆ ఊరిది, బొమ్మ కొనేవాడికి నచ్చినది. మన సినిమాల్లో కనిపించే ముస్లిం కూడా ఇలా తయారైనవాడే. అయితే కత్తి పట్టిన రౌడీ, కాకపోతే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడు. పేరు మాది, బొమ్మ వాళ్ళది.

ఇక లిపి. అరబ్బీ అక్షరాలున్న స్టాంపు ఈజిప్టుది కావచ్చు, ఇరాన్‌ది కావచ్చు, 1928లో లిపి మార్చుకోకముందటి టర్కీది కావచ్చు. మా చేతిలో ఉన్నది వీటిలో ఏదీ కాదు. 1871లో మొదలై చాలా ఏళ్ళు నడిచిన అర్ధణా స్టాంపు. నడిమధ్యన 'సర్కారె ఆసఫియా' అని ఉంది. ఊరి పేరు, దేశం పేరు ఇంగ్లీషులో ఎక్కడా లేదు. దీన్ని చూపిస్తే 'పాకిస్తాన్‌దా?' అని అడిగినవాళ్ళు ఒకరిద్దరు కాదు. చదువుకున్నవాళ్ళే.

అది హైదరాబాదుది. నిజాం రాజ్యం లోపల మాత్రమే చెల్లేది. పొలిమేర దాటే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపు అంటించాల్సిందే. అంటే ఉప్పల్ నుంచి వరంగల్లు పోయే ఉత్తరానికి ఇదే సొంత స్టాంపు. 1950లో భారత తపాలా వచ్చేదాకా ఈ ప్రభుత్వపు స్టాంపులే ఇక్కడ నడిచాయి. ఇంకో సంగతి వినండి. 1947 అక్టోబరులో వచ్చిన పాకిస్తాన్ తొలి స్టాంపులు ఇండియా స్టాంపులే. అదే జార్జి రాజు బొమ్మ, దాని మీద అడ్డంగా ఇంగ్లీషులో పాకిస్తాన్ అన్న ముద్ర. మొదట ఆ ముద్ర కొట్టింది మన నాసిక్ ప్రెస్సులోనే. ఉర్దూ అక్షరాలున్నది ఈ నేలది, ఇంగ్లీషు అక్షరాలున్నది ఆ దేశానిది. లిపిని చూసి దేశం చెప్పేవాళ్ళు ఈ రెండు స్టాంపులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అయితే ఇక్కడ మావాళ్ళను కూడా ఒక మాట అడగాలి. ఆ అర్ధణా బిళ్ళ మీద వెల నాలుగు భాషల్లో ఉంది: ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు, మరాఠీ. 'సర్కారె ఆసఫియా' అని చదివి పొంగిపోయే మనం ఆ తెలుగు అక్షరాలను ఎందుకు చూడం? నాలుగు భాషలూ స్టాంపు మీద ఉన్నాయి గానీ కచేరీలో, ఉస్మానియా తరగతి గదిలో ఏలింది ఉర్దూ. తెలుగు రైతు అర్జీ రాయించుకోవడానికి ఇంకొకరి గడప తొక్కాల్సి వచ్చేది. అది మరిచి నిజాం కాలాన్ని స్వర్గమంటే మేము ఒప్పుకోం. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల సోదరులను 'ఉర్దూ రానివాడు ఏం ముసల్మాన్' అని మనం చిన్నచూపు చూడలేదా? మనమూ ఒక్క ఆనవాలు చూసి తీర్పు చెప్పినవాళ్ళమే.

స్టాంపులు పోగుచేసేవాడు అలా చెయ్యడు. లిపి చూస్తాడు, నాణెం పేరు చూస్తాడు, తపాలా ముద్ర చదువుతాడు, అంచు పళ్ళు లెక్కపెడతాడు, వెలుతురుకు ఎత్తి కాగితంలోని నీటిగుర్తు వెదుకుతాడు. అఫ్ఘానిస్తాన్ తొలి స్టాంపులకు మూల చినిగి ఉంటే పారెయ్యడు. అక్కడ ముద్రకు బదులు ముక్క చింపేవాళ్ళని అతనికి తెలుసు. అన్నీ చూశాక కూడా తేలకపోతే ఆల్బం చివరి పేజీలో ఉంచుతాడు. తనకు తెలియనంత మాత్రాన దాన్ని దొంగ స్టాంపు అనడు.

నాచారం గల్లీలో 'టులెట్' బోర్డు చూసి మేము తలుపు కొడతాం. ఇల్లు నచ్చుతుంది, అద్దె కుదురుతుంది. చివర్న పేరు అడుగుతారు. పేరు విన్నాక ఆ ఇల్లు అప్పటికే ఎవరికో ఇచ్చేసినట్టు గుర్తొస్తుంది. ఇంటివాళ్ళకు జాగ్రత్త ఉండొద్దా అంటారు. ఉండాలి. ఏం పని చేస్తారు, ఎంతమంది ఉంటారు, అద్దె వేళకు ఇస్తారా, ఇదివరకు ఎక్కడున్నారు, అన్నీ అడగండి. మా ఫిర్యాదు మీరు ఎక్కువ అడుగుతున్నారని కాదు. పేరు దగ్గర ఆగిపోతున్నారని. కాగితం ముక్కకు దక్కే పరిశీలన పెళ్ళాంపిల్లలతో గుమ్మంలో నిలబడ్డ మనిషికి దక్కడం లేదు.

పైగా స్టాంపుకు నోరు లేదు. దాని సంగతి వెదికి తెలుసుకోవాల్సిందే. మాకు నోరుంది. ఉర్దూలోనూ చెప్పగలం, తెలుగులోనూ చెప్పగలం. అడగండి, చెబుతాం. జవాబు ముందే రాసిపెట్టుకుని మాత్రం అడక్కండి.