అంజనపు చూపు – లింగపు చూపు



పోయిన సొమ్ము జాడ తెలియుటకై అంజనము వేయించు ఆచారము మన పల్లెలలో చిరకాలముగా కలదు. తమలపాకునకు కాటుక పూసి, పసిబిడ్డను అందు చూడుమని, “ఏమి కనబడుచున్నది?” అని అడుగుదురు. చాల యేండ్ల క్రిందట మా అల్లవరమున ఒక యింట గొలుసు పోయినప్పుడు నేనును ఆ అరుగుపై కూర్చుంటిని. బిడ్డ “తలగుడ్డ కట్టినవాడు” అనెను. ఆ యింట కొబ్బరి దింపు తీయువానిపై అందరి చూపులు పడెను. మరునాటినుండి అతడు పనికి రాలేదు. నెల గడిచిన పిమ్మట గొలుసు ధాన్యపు గాదెలో దొరకెను. కాని అతని మానము నెవరు తిరిగి యీయగలరు? బడిలో నీతి చెప్పు నేను ఆనాడు నోరు మెదపనైతిని.

ఆంగ్ల రచయిత టోల్కీన్ 1954, 1955 సంవత్సరములలో ప్రకటించిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను కల్పితగాథలో దూరదృశ్యములను చూపు రాళ్లు కలవు. వానికి పలాంటీర్ అని పేరు. సారుమాన్ అను మాంత్రికుడు అందు చూచి చూచి శత్రువు వలలో చిక్కెను. దెనెథార్ అను రాజ్యపాలకుడు శత్రువునకు లొంగలేదు. అయినను శత్రువు తాను కోరిన దృశ్యములనే అతనికి చూపెను. అవి అబద్ధములు కావు. సత్యములో ఒక తునకను మాత్రమే చూచి, ఆశ యుడిగి, అతడు చితిపై తన్ను తాను కాల్చుకొనెను.

మనుష్యుని చెరుపునది అబద్ధ మొక్కటియే కాదని దీనివలన తెలియుచున్నది. బిడ్డకు తలగుడ్డ కనబడెనేమో. దానిక్రింద ముఖమును చేర్చినది మన అనుమానము. తాను కనబడక పరులను చూడవలెనను కోరికయే విషము. నేడు సెల్‌ఫోనులో పొరుగువాని గుట్టు వెదకుటయు ఇట్టిదే.

“మనమును నల్లని లింగమును అరచేత నుంచుకొని చూచుచున్నాము గదా, భేదమేమి?” అని ఒక విద్యార్థి నన్నడిగెను. మంచి ప్రశ్న. ఇష్టలింగమును మనము పరుల వార్త అడుగము. పోయిన సొమ్ము అడుగము. చూపు నిలిపినకొలది మన మనస్సు పరుగులే మనకు తెలియవచ్చును. అంజనములో పరుల దోషము వెదకుదుము. లింగపూజలో మన దోషము బయటపడును. 12వ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని భండారియై ధనాధికారములు చేత నుండియు, బసవేశ్వరుడు ముందుగా పరీక్షింపవలసినది తన మనస్సునే అని బోధించెను.

ఆలస్యముగానైనను నేను ఆ దింపువాని యింటికి పోయి క్షమింపుమని కోరితిని. అతడు మంచము వాల్చి కూర్చుండుమనెను. “ఆకు సూసేరు గానీ మాస్టారూ, నా మొకం ఎవరూ సూడలేదండి” అనెను.

లింగమును చేత నుంచుకొనినపుడెల్ల ఆ మాట నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.