అసిట్రెటిన్ మాత్ర, ఆగామి కర్మ

సోరియాసిస్ అనేది శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పడం వల్ల చర్మకణాలు అవసరానికి మించిన వేగంతో పుట్టి, ఎర్రబారిన చర్మం మీద తెల్లని పొలుసులుగా పేరుకుపోయే దీర్ఘవ్యాధి. అది అంటుకునేది కాదు, పూర్తిగా నయమయ్యేదీ కాదు. దానికి నోటి ద్వారా ఇచ్చే మందుల్లో అసిట్రెటిన్ ఒకటి. విటమిన్-ఎ నుంచి రూపొందిన రెటినాయిడ్ల కుటుంబానికి చెందిన ఈ మందు చర్మకణాల పెరుగుదలను క్రమబద్ధం చేస్తుంది. ఇది రోగనిరోధక శక్తిని అణచదు. అరిచేతుల్లో, అరికాళ్లలో ముదిరిన వ్యాధికీ, చీముపొక్కుల రకానికీ వైద్యులు దీనిని ఆశ్రయిస్తారు. అయితే గర్భస్థ శిశువుకు ఇది తీవ్రమైన అంగవైకల్యాలు కలిగించగలదు. తన బాధను పోగొట్టుకునే హక్కు మనిషికి ఉన్నది సరే, ఆ ఉపశమనానికి మూల్యం ఇంకా పుట్టని ప్రాణి చెల్లించవలసి వచ్చే చోట ఆ హక్కు ఎంతవరకు చెల్లుతుందన్న ధర్మప్రశ్న ఈ చిన్న మాత్రతో ముడిపడి ఉంది.

భారతీయ చింతనలో చర్మవ్యాధికీ కర్మకూ సంబంధం కల్పించడం పాత అలవాటు. శ్రీకృష్ణుని కుమారుడు సాంబుడు శాపవశాన కుష్ఠుపాలై సూర్యారాధనతో స్వస్థుడయ్యాడన్న పురాణగాథ ప్రసిద్ధమే. శ్రీకాకుళం జిల్లా అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధికి చర్మరోగులు నేటికీ మొక్కులతో వస్తారు. ఆ విశ్వాసం మనిషికి ధైర్యమిస్తే తప్పు పట్టవలసింది లేదు. తప్పు ఎక్కడంటే, వ్యాధిని పాపఫలంగా చదివి రోగిని దూరం పెట్టడంలో ఉంది. కర్మసిద్ధాంతమే కర్మను మూడుగా విభజించింది: పోగుపడి ఉన్నది సంచితం, ఇప్పుడు అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం, ఇకముందు ఫలించేలా ఈనాడు చేస్తున్నది ఆగామి. వ్యాధిని ప్రారబ్ధమని ఎవరైనా అనుకున్నా, దానికి చేసే చికిత్స ఆగామి కోవలోనిదే. అక్కడ విధికి కాదు, వివేకానికి పని. చరక సంహిత విమానస్థానం ఆయుర్దాయాన్ని చర్చిస్తూ దైవంతో పాటు పురుషకారానికి, అంటే మానవ ప్రయత్నానికి, సమానమైన చోటు కల్పించింది. అంతా ముందే నిర్ణయమై ఉంటే వైద్యశాస్త్రానికే అర్థం ఉండదు.

ఈ మందు విషయంలో ఆగామి అన్న మాట ఎంత అక్షరాలా నిజమో దాని రసాయన చరిత్ర చూపుతుంది. దీనికి పూర్వరూపమైన ఎట్రెటినేట్ అమెరికాలో 1986లో అనుమతి పొందింది. అది కొవ్వులో ఇంకి నిలిచిపోయేది. దాని అర్ధజీవిత కాలం, అంటే శరీరంలోని మందు సగానికి తగ్గేందుకు పట్టే వ్యవధి, దాదాపు 120 రోజులు. ఆపిన రెండేళ్ల తర్వాత కూడా కొందరి రక్తంలో అది కనిపించింది. దాని స్థానంలో 1996లో అనుమతి పొందిన అసిట్రెటిన్ సగటున రెండు రోజుల్లో సగమవుతుంది. చిక్కు తీరినట్టే కనిపించినా, శరీరంలో మద్యం ఉంటే అసిట్రెటిన్ తిరిగి ఎట్రెటినేట్‌గా మారుతుందని తేలింది. అందుకే గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలకు ఈ మందును సాధారణంగా ఇవ్వరు. గత్యంతరం లేక ఇస్తే, గర్భం లేదని పరీక్షలతో నిర్ధారించుకుని మొదలుపెట్టాలి, వాడినంత కాలమూ ఆపాక మూడేళ్లూ గర్భనిరోధం పాటించాలి, వాడుతున్నప్పుడూ ఆపాక రెండు నెలలూ మద్యం ముట్టకూడదు. మద్యం అనగానే తమకు సంబంధం లేదనుకునే స్త్రీలు ఎందరో ఉంటారు. కాని బలానికని, నెలసరి బాధలకని ఇళ్లలో వాడే అశోకారిష్టం, దశమూలారిష్టం వంటివి పులియబెట్టి తయారుచేసేవి, వాటిలో ఆల్కహాలు సహజంగానే పుడుతుంది. ఈ సంగతి విడమరచి చెప్పని జాగ్రత్త జాగ్రత్త కాదు.

ఇంతకీ ఆ మూడేళ్ల నిరీక్షణ ఎవరి పట్ల బాధ్యత? ఆంగ్ల తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో ఒక కఠినమైన చిక్కును వివరించాడు: గర్భధారణను వాయిదా వేస్తే తర్వాత పుట్టేది వేరొక బిడ్డ కనుక, వాయిదా వేయకపోవడం వల్ల మొదటి బిడ్డకు అన్యాయం జరిగిందని చెప్పడం కష్టమవుతుంది. ఈ చిక్కు అసిట్రెటిన్‌కు పూర్తిగా వర్తించదు. ఇక్కడి హాని బీజంలో పుట్టేది కాదు. అవయవాలు రూపుదిద్దుకునే తొలి వారాల్లో తల్లి రక్తంలోని మందు నుంచి తగిలేది. ఆ మందే లేకుంటే అదే బిడ్డ ఆరోగ్యంగా పుట్టి ఉండేది. పైగా జీవుడు దేహానికి ముందే ఉన్నాడని నమ్మే దర్శనాల్లో, రాబోయేవాడు అనామకుడైన శూన్యం కాదు, అప్పటికే ఒకడు. అయితే అదే నమ్మకం నుంచి, వైకల్యంతో పుట్టడం ఆ బిడ్డ కర్మేనన్న వాదం కూడా తలెత్తవచ్చు. ఆ వాదాన్ని గట్టిగా త్రోసిపుచ్చాలి. బాధితుని ప్రారబ్ధం, తెలిసి హాని చేసినవాడి దోషాన్ని మాపదు. 1979లో తత్త్వవేత్త హాన్స్ యోనాస్ భావితరాల పట్ల బాధ్యతను నీతికి పునాదిగా నిలిపినప్పుడు చెప్పినదీ ఇదే దిశలో ఉంది: అడగడానికి నోరు లేనివారి పక్షాన భయపడటం కూడా కర్తవ్యమే.

ఈ బాధ్యత స్త్రీతోనే ఆగదు. పురుషుడైనా సరే, ఈ మందు వాడుతున్నంత కాలమూ ఆపాక మూడేళ్ల వరకూ రక్తదానం చేయకూడదు, ఎందుకంటే ఆ రక్తం ఒక గర్భిణికి ఎక్కవచ్చు. దానానికి దాత సంకల్పం, గ్రహీత పాత్రత ఎంత ముఖ్యమో ద్రవ్యశుద్ధి కూడా అంతే ముఖ్యమన్నది సంప్రదాయం చెప్పే మాట. ఇవ్వాలన్న మంచి మనసు ఉండి కూడా ఇవ్వక ఊరుకోవడమే ఇక్కడ దానమవుతుంది. మిగిలిన నియమాలు ఎక్కువగా రోగి సొంత క్షేమానికి సంబంధించినవి: మందును భోజనంతో పాటు తీసుకోవడం, కాలేయాన్నీ రక్తంలోని కొవ్వులనూ తరచు పరీక్షింపజేసుకోవడం, విటమిన్-ఎ మాత్రలు, టెట్రాసైక్లిన్లు, మెథోట్రెక్సేట్ దానితో కలపకపోవడం, పెదవులు ఎండినా జుట్టు రాలినా వైద్యునికి చెప్పడం.

తెలుగు కుటుంబాల్లో అసలు ప్రమాదం మందులో కన్నా మౌనంలో ఎక్కువగా ఉంది. పెళ్లి సంబంధం చెడుతుందన్న భయంతో అమ్మాయి వ్యాధిని దాస్తారు. వ్యాధిని దాచిన ఇల్లు మందునూ దాస్తుంది. ఏడాది తిరగకుండా మనవడిని ఆశించే అత్తవారింట మూడేళ్ల నియమానికి చోటే ఉండదు. రోగాన్ని పాపమని ముద్ర వేసిన మాట చివరకు పాపమెరుగని శిశువు దాకా చేరుతున్నది. కనుక సోరియాసిస్ అంటురోగమూ కాదు, శాపమూ కాదని పెద్దలు ఇంట్లో నోరు తెరిచి చెప్పాలి. వైద్యుడు ఈ నియమాలను చీటీ మీద తెలుగులో రాసి, పెళ్లయిన స్త్రీ అయితే ఆమె సమ్మతితో భర్తను కూడా కూర్చోబెట్టి వివరించాలి. పెళ్లి చూపుల మాట వచ్చిన ఇంట్లో ముందుగా మందు మాట రావాలి.