ముసుగు క్రింది మొగము

మొగమును జూచి మనిషిని నిర్ణయించుట తప్పని మనమందఱము చెప్పుదుము, చెప్పుచునే నిర్ణయించుచుందుము. ఈ యలవాటు మనలో నెంత లోతుగా నాటుకొన్నదో 2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి మనచేత మాస్కులు కట్టించినప్పుడు గాని తెలియలేదు. ఆ మే నెలలో మాస్కు లేక వీథిలోనికి వచ్చినవారికి తెలంగాణ ప్రభుత్వము వేయి రూపాయల జరిమానా విధించెను. మా పోచంపల్లి ఇక్కతు గుడ్డతో గూడ మాస్కులు కుట్టిరి. ఎవరిని జూచినను గుడ్డపై రెండు కన్నులే.

సగము మొగము కనబడనప్పుడు చూచువాని మనస్సు, నాకు తెలియదని యూరకుండదు. మిగిలిన సగమును తానే కల్పించుకొనును. తఱచు మేలుగనే కల్పించుకొనును. వేల్సు దేశమందలి కార్డిఫ్ విశ్వవిద్యాలయమువారు 43 మంది స్త్రీలకు పురుషుల చిత్రములను జూపగా, వట్టి మొగములకంటె మాస్కు గలవియే వారికి సొగసుగా దోచెనని 2022లో ప్రకటించిరి. ఆసుపత్రివారి నీలపు మాస్కు అన్నిటికంటె మిన్నయట! మహమ్మారికి ముందు, 2016లో జపాను పండితులు ప్రకటించిన దిందుకు విరుద్ధము: మాస్కు రోగమును స్ఫురింపజేసి అందమును తగ్గించునని. గుడ్డ అట్టిదే; చూచువారి తలంపు మాఱినది.

మా నేతగాండ్ర పని యెఱిగినవారికి ఇది వింతగా నుండును. ఇక్కతు నేయుటకు ముందు నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచెదరు. కట్టినచోట రంగెక్కదు, విప్పినప్పుడు దాచిన తెలుపు దాచినట్లే బయటపడును. మొగము విషయమున తలక్రిందు. కట్టినచోటనే మనము రంగు పూయుదుము. విప్పినప్పుడు ఆ రంగు కానరాకున్న ఎదుటివాడు మోసగించెనని నొచ్చుకొందుము.

2021 సెప్టెంబరులో బడులు మరల తెఱచిన పిమ్మట ఒక పాఠశాలలో క్రొత్తగా నొక బాలిక చేరెను. పైపెదవిమీద పసితనపు శస్త్రచికిత్స మచ్చ. మాస్కులున్న నెలలలో పద్యము చదువుటకు అందఱికంటె ముందు లేచెడిది. మాస్కులు పోయిన తరువాత, మాటలాడునప్పుడు నోటికి చేయి యడ్డము పెట్టుకొనుట మేము చూచితిమి. తోటిపిల్ల యొకతె "నువ్వు గిట్లుంటవనుకోలే" అన్నదట. అంతే, తిట్టలేదు, వెక్కిరింపలేదు. కాని ఆ బాలిక యెవరికి ఎట్టి మొగమును వాగ్దానము చేసినది? తోటివారు తమలో తాము గీసికొన్న బొమ్మకు బాకీ ఆమె తీర్పవలసి వచ్చెను.

అట్లయిన మొగములు కప్పియుంచుటయే న్యాయమా యని ఎవరైన నడుగవచ్చును. కాదు. మాస్కు చిఱునవ్వునుగూడ మ్రింగివేయును. పాఠము బోధపడినదో లేదో పిల్లల కన్నులనుబట్టి మాత్రమే గ్రహించుట ఎంత కష్టమో ఉపాధ్యాయులెల్ల రెఱుగుదురు. ఘోషా సంగతి చెప్పనే యక్కఱలేదు: చూచువాని దోషమునకు చూడబడు స్త్రీకి శిక్ష యది.

ఈ బాకీ వసూలు మన యిండ్లలో మాస్కులకు ముందును కలదు, నేడును కలదు. పెండ్లిచూపులకు బోయి వచ్చినవారు "ఫొటోలో ఇట్లు లేదే" యని పెదవి విఱచుట వినని యిల్లున్నదా? మంచి ఫొటో పంపుమని కోరినది వీరే. దానిని జూచి మిగిలినది ఊహించుకొన్నదియు వీరే. లోపలి గదిలో ఆ మాట చెవినిబడి, అద్దము ముందు నిలిచి తన మొగములో తప్పు వెదకుకొనునది మాత్రము ఆ పిల్ల.