చేతిపని, యంత్రపు పని – కళ ఎక్కడ ఉంది?



మన పల్నాటి సున్నపురాయి పిడుగురాళ్ళ బట్టీల్లో కాలితే సున్నమవుతుంది. పలకలుగా కోస్తే ఇంటి నేలకు బండలవుతుంది. దుర్గిలో ఉలి కిందికి వెళితే శిల్పమవుతుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలను చెక్కినది కూడా ఈ పల్నాటి రాతిలోనే. దుర్గి శిల్పాలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే నేడు రాతిని చెక్కే యంత్రాలు వచ్చాయి. కంప్యూటరులో నమూనా పెడితే ఒకే రూపాన్ని ఎన్నిసార్లయినా చెక్కిపెడతాయి. అచ్చుపోసిన ఫైబర్ స్వరూపాలు సరేసరి. మరి యంత్రం చేసినది కళ అవుతుందా?

చేత్తో చేస్తే కళ, యంత్రం చేస్తే సరుకు అని చాలామంది తేల్చేస్తారు. ఆ మాట నిలవదు. ఉలి కూడా పనిముట్టే కదా! మచిలీపట్నం కలంకారీ పనివారు చెక్క అచ్చులతో అద్దుతారు. ఒకే పువ్వు గుడ్డ నిండా పడుతుంది. దానిని కళ కాదనగలమా?

పునీత అక్వినాసు తోమాసువారి బోధ ఇక్కడ దారి చూపుతుంది. చేయవలసిన వస్తువును గూర్చిన సరియైన వివేకమే కళ అని ఆయన భావం. అనగా కళ పనిముట్టులో కాదు, బుద్ధిలో ఉంటుంది. చెక్కుతుండగా రాతిలో ఒక పొర అడ్డు వస్తే శిల్పి దెబ్బ తగ్గిస్తాడు, ఉలి వాలు మారుస్తాడు. అచ్చు అద్దే మనిషి కూడా గుడ్డనూ రంగునూ చూసుకొని చేయి వేస్తాడు. యంత్రమైతే ముందే ఎవరో చేసిన నిర్ణయాన్ని అమలుపరుస్తుంది. కనుక యంత్రపు బొమ్మలో కళ బొత్తిగా లేదనరాదు. ఆ కళ మొదటి నమూనా చేసినవానిది. మిగిలినవి ప్రతులు.

పనివాని మనసును బట్టి కాక, చేసిన వస్తువును బట్టి పనితనాన్ని మెచ్చుకోవాలని కూడా తోమాసువారు బోధించారు. కాబట్టి వంకర బొమ్మను జాలితో కొని గొప్ప కళ అనడం సత్యం కాదు. దానం వేరు, మెప్పు వేరు.

ఇక నైతిక ప్రశ్న. శ్రమను గూర్చి 1981లో వెలువరించిన విశ్వలేఖలో రెండవ జాన్ పాల్ జగద్గురువులు, పనికి విలువ ముఖ్యంగా దానిని చేసేది మనిషి కావడం వల్లనే వస్తుందని బోధించారు. యంత్రం పనివాని బరువు తగ్గిస్తే మేలే. పనివానినే తొలగిస్తే మాత్రం ఏమి పోతుందో ఆలోచించాలి. బొమ్మలకు కొరత రాదు. రాయిని చేతితో ఎరిగే తెలివి పోతుంది. అది పుస్తకం చదివితే వచ్చేది కాదు, పెద్దవారి పక్కన కూర్చొని ఏళ్ళ తరబడి నేర్వవలసినది. ఒక తరం మానేస్తే, యంత్రానికి రేపు కొత్త నమూనా ఎవరు ఇస్తారు?

అచ్చుపోసిన స్వరూపం ముందు చేసిన ప్రార్థన తక్కువది కాదు. బీద విచారణ చవకైనదే కొనవచ్చు, అందులో తప్పు లేదు. కాని యంత్రపు సరుకును చేతిపని పేరుతో అమ్మడం అబద్ధం. చేతిపని కోరి యంత్రపు ధరకు బేరమాడటం అన్యాయం. ఏ పదేళ్ళకో ఒక స్వరూపం కొనే విచారణ పెద్దలు, స్తోమత ఉంటే, దుర్గి దాకా వెళ్ళి, తగినంత గడువు ఇచ్చి, న్యాయమైన కూలి చెల్లించి చేయించుకోవచ్చు. ఆ శిల్పి కుమారుడు ఉలి పట్టాలా వద్దా అనేది అటువంటి కూలి మీదే ఆధారపడి ఉంటుంది.