వెనుక కూర్చున్నవారికి దారి చెప్పుడి



ఫ్రాన్సు దేశములో 1936వ సంవత్సరము జూను నెలలో, లెయోన్ బ్లూమ్ ప్రధానమంత్రిగా నున్నప్పుడు, ఒక చట్టము చేయబడెను. ఒక సంవత్సరము పనిచేసిన కార్మికునికి ఏటేట రెండు వారములు జీతముతో సెలవు ఇయ్యవలెనని అది విధించెను. అంతకుముందు ఫ్యాక్టరీ పనివారిలో అనేకులకు సెలవు అనగా జీతము పోవుటయే. ఆ వేసవిలో ఎందరో భార్యాభర్తలు మూటలు కట్టుకొని పల్లెలకును సముద్రతీరమునకును బయలుదేరిరి. మోటారు కారు వారికెక్కడిది? కొందరు రైలులో పోయిరి. కొందరు ఇద్దరు కలిసి త్రొక్కు జంట సైకిలు మీద పోయిరి. దానిని టాండెము అందురు. నేడును లువార్ నది వెంబడి అట్లాంటిక్ సముద్రము వరకు దాదాపు 900 కిలోమీటర్ల సైకిలు దారిలో, ద్రాక్షతోటల నడుమ, దంపతులు అట్లే పోవుచున్నారు.

ఈ బండి కట్టుబాటును గూర్చి యోచింతము. సీట్లు రెండు, పెడళ్లు రెండు జతలు. అయితే ముందువాని హ్యాండిలు మాత్రమే చక్రమును త్రిప్పును, వెనుకటిది పట్టుకొనుటకే. బ్రేకులును సాధారణముగా ముందువాని చేతిలోనే యుండును. ఇద్దరి పెడళ్లను ఒక గొలుసు కలుపును గనుక ఒకరి కాళ్లు తిరిగినచో రెండవవారి కాళ్లును తిరుగును. వెనుకనున్న ఆమె సమానముగా చెమటోడ్చును. ప్రక్కల పొలములు ఆమెకు కనబడును గాని, ఎదుట కనబడునది దారి కాదు, భర్త వీపు.

మరి దారి చూచువాడు చూడలేని ఆమెకు ఏమి అచ్చియున్నాడు?

"ఆమె నమ్మవలెను" అని మనము త్వరపడి చెప్పుదుము. అది నిజమే. మలుపులో ఆమె ఎదురు వైపునకు ఒరిగిన యెడల ఇద్దరును తూలుదురు. అయితే నేర్పరియైనవాడు మౌనముగా నడుపడు. గుంట వచ్చుచున్నదనియు, మలుపు ఉన్నదనియు, ఆపుచున్నాననియు ముందుగానే చెప్పును. చెప్పక గుంటలో దింపినచో దెబ్బ ఆమెకే హెచ్చు. ఏలయనగా ఆమె సిద్ధపడలేదు. ఆమె నమ్మకము ఆ మాటవలననే నిలుచును.

"చెప్పి భయపెట్టనేల? తెలియకుండుటే ఆమెకు సుఖము" అని కొందరందురు. తెలియకున్నను ఎక్కుడు ఎక్కవలసినవి ఆమె కాళ్లే గదా! ఎక్కుడు ఉన్నదని తెలియని కాళ్లు తమకే బలము లేదనుకొని క్రుంగును.

మన యిండ్లను చూచుకొందము. ప్రోనోటు వ్రాసినప్పుడు, పొలము తాకట్టు పెట్టినప్పుడు, పిల్లకు సంబంధము ఖాయపరచినప్పుడు మన భార్యలకు చెప్పితిమా? అప్పు తీర్చుటకు కూలికి పోవునది ఆమెయు గదా. అమ్ముడుపోవునది ఆమె పుట్టింటి నగయే గదా. మనలో అనేకులము ఆమె శ్రమను పుచ్చుకొని, దారిని మాత్రము దాచితిమి. దానిని పెద్దరికమని పిలిచితిమి.

వెనుకనున్నవారికిని ధర్మము కలదు. కాళ్లు అలసినప్పుడు దాచక చెప్పవలెను. దారి ఎట్లున్నదని అడుగవలెను. అడుగుట అవిశ్వాసము కాదు.

ఒంటరివానికంటె ఇద్దరు మేలనియు, ఒకరు పడినచో రెండవవారు లేపుదురనియు ప్రసంగి గ్రంథము నాల్గవ అధ్యాయము మనకు బోధించుచున్నది. లేపువారికి, పడిన సంగతి తెలియవలెను గదా! మన యింట దాచియుంచిన లెక్క ఏదైన నున్నచో, ఈ రాత్రి భోజనమైన తరువాత ఆమె ప్రక్కన కూర్చుండి చెప్పుదము.